మావ ఎత్తిన చెయ్యి

నా ఇరవై ఆరో ఏట నూట పందొమ్మిదో కీర్తన కంఠతా పట్టడం మొదలుపెట్టాను. బైబిల్లో అన్నిటికంటే పొడవైన కీర్తన అదే. నూట డెబ్బై ఆరు వచనాలు, ఎనిమిదేసి చొప్పున ఇరవై రెండు భాగాలు. మేముండే క్యాంప్ 2 బస్తీలో, మా తెలుగు క్రైస్తవ సంఘంలో ఏటా క్రిస్మస్‌కి ముందు ఒక ఆదివారం కంఠత వాక్యాల పోటీ ఉండేది. అందరూ ఇరవై మూడో కీర్తనో, కొండ మీది ప్రసంగంలో ఓ ముక్కో అప్పజెప్పి చప్పట్లు కొట్టించుకుని కూర్చునేవారు. నాకు అది పిల్లల ఆటలా కనిపించేది. సంఘంలో ఇంతవరకూ ఎవరూ ముట్టని కీర్తన నేను చెప్పాలి, అందరూ నోరు తెరవాలి. అప్పట్లో దీన్ని నేను భక్తి అనే అనుకున్నాను. పొగరు అని ఎవరైనా అని ఉంటే కొట్టడానికి వెళ్ళేవాణ్ణి.

చదవడానికి ఇంట్లో తీరిక దొరికేది కాదు. హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో ఒక చిన్న ఫ్యాబ్రికేషన్ వర్క్‌షాపులో క్రేన్ నడిపేవాణ్ణి. రేకుల షెడ్డు కింద, నేలకు పాతిక అడుగుల ఎత్తున, మనిషి కాళ్ళు చాపడానికి కూడా చాలని ఇనప క్యాబిన్. కింద ప్లేట్లకీ గర్డర్లకీ గొలుసులు తగిలించేదాకా పైన నాకు పని ఉండదు. ఆ ఖాళీలో చదివేవాణ్ణి. వెల్డింగ్ రాడ్ల ప్యాకెట్లు చింపి, ఆ అట్టముక్కల వెనక ఒక్కో భాగం, అంటే ఎనిమిదేసి వచనాలు, రాసుకుని హ్యాండిల్ పక్కన గుచ్చేవాణ్ణి. నవంబరు మూడో వారానికి పన్నెండు అట్టలు అయ్యాయి, పోటీకి ఇంకా పది మిగిలాయి.

ఆ ఉద్యోగం ఇప్పించింది మావ. రక్తసంబంధం ఏమీ లేదు. శ్రీకాకుళం వైపు మనిషి, మా వీధిలోనే ఉండేవాడు. మా అమ్మని అప్పా, అంటే అక్కా, అనేవాడు కాబట్టి నాకు మావ అయ్యాడు. వాళ్ళది హిందూ ఇల్లు, మాది విజయనగరం నుంచి ఈ హిందీ ఊరికి వచ్చిన క్రైస్తవ కుటుంబం. నాన్న ఉక్కు ప్లాంట్‌లో రిటైరై, క్వార్టర్ ఖాళీ చేసి, క్యాంప్ 2లో రెండు గదులు వేసుకున్న ఏడాదికే పోయాడు. నేను ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటే మావే చెయ్యి పట్టుకుని వర్క్‌షాపుకి తీసుకెళ్ళాడు. అక్కడ ఆయన సిగ్నల్‌మన్. క్రేన్ ఎక్కినవాడికి కింద ఏముందో సరిగా కనపడదు, షెడ్డులో సుత్తుల మోతకి అరిచినా వినపడదు. కింద నిలబడ్డ సిగ్నల్‌మన్ చెయ్యే వాడికి కళ్ళూ చెవులూ. చెయ్యి పైకి తిప్పితే హబేస్, అంటే ఎత్తు. అరచెయ్యి కిందికి ఊపితే ఆరియా, అంటే దించు. చెయ్యి నిటారుగా ఎత్తి అలాగే నిలిపితే ఆపు. విశాఖ ఓడరేవు ఖలాసీల నోటి నుంచి వచ్చిన మాటలట అవి, మావే చెప్పాడు.

మొదటి రోజు నిచ్చెన ఎక్కబోతుంటే నా భుజం పట్టుకుని ఆపాడు.

"ఒరే అల్లుడూ, ఒక్కటే మాట. కింద సాబ్ ఉన్నా, ఆడి బాబున్నా నీకనవసరం. నీ కళ్ళు నా చేతి మీదుండాలి. నా చెయ్యి కనపడకపోతే నీ చెయ్యి కదపకు. తెల్సిందా?"

తెలిసింది అన్నాను. రెండేళ్ళు అలాగే నడిపాను కూడా.

నవంబరు నెలాఖరున, మధ్యాహ్నం భోజనాల వేళ అయింది. చాలామంది చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయారు. ఒక పెద్ద ప్లేటుని చెక్క దిమ్మెల మీద దించితే మేమూ దిగిపోవచ్చు. దిమ్మెల అవతల ఒక వెల్డర్ ముఖానికి మాస్కు పెట్టుకుని, వంగి, తన పని తాను చేసుకుంటున్నాడు. మావ అరచెయ్యి కిందికి ఊపాడు, ఆరియా. హ్యాండిల్‌ని నెమ్మదిగా దించే చోట పెట్టాను. అంత నెమ్మదిగా దిగుతున్నప్పుడు నాలుగైదు క్షణాలు చూడకపోతే ఏమవుతుందిలే అనుకున్నాను. పదమూడో అట్టలో మూడో వచనం పొద్దుటి నుంచీ నాలుక మీద నిలబడటం లేదు. తల దించి అట్టలోకి చూశాను.

నాలుగైదు క్షణాలు కాదు, ఎక్కువే అయి ఉంటుంది. వచనం వచ్చింది. సంతోషంగా తలెత్తాను. అప్పటికే ప్లేటు ఒక పక్కకి ఒరిగి ఉంది. ఒక దిమ్మె వంకరగా ఉందని మావ చెయ్యి ఎత్తాడు, నేను చూడలేదు. ప్లేటు జారి వెల్డర్ మీదికి వెళ్తోంటే ఆయన పరిగెత్తి వాణ్ణి వెనక్కి లాగాడు. వెల్డర్‌కి ఏమీ కాలేదు. మావ ఎడమ పాదం ప్లేటు కింద పడింది.

ప్లేటు ఎలా ఎత్తానో, నిచ్చెన ఎలా దిగానో నాకు తెలియదు. మావని జీపులో వేసుకుని వెళ్ళాక మేనేజర్ నన్ను గదిలోకి పిలిచాడు. యజమానికి మేనల్లుడు, నా ఈడువాడే. "ఉస్‌నే రోకా థా క్యా?" అని అడిగాడు. అతను ఆపమన్నాడా అని.

"నహీఁ సాబ్. ఆరియా దియా థా," అన్నాను.

ఆపమనలేదు, దించమన్నాడు. అంతే. ఆలోచించి చెప్పింది కాదు, నోటికి వచ్చేసింది. కానీ తర్వాత మేనేజర్ దాన్ని హిందీలో కాగితం మీద రాసి నా ముందు పెట్టినప్పుడు ఆలోచించే సంతకం పెట్టాను. వెల్డర్ మాస్కులో ఉన్నాడు, ఏమీ చూడలేదు. ఇంకెవరూ లేరు. నేను చూసిన ఆ అట్టముక్క నా చొక్కా జేబులో ఉంది.

సాయంత్రానికి కబురు వచ్చింది. మావ పాదంలో మూడు వేళ్ళు తీసేశారు. మేనేజర్ మాట కూడా అందరికీ తెలిసిపోయింది. తప్పుడు సిగ్నల్ ఇచ్చినవాడు, పైగా ఇక నిలబడి పనిచెయ్యలేనివాడు. పుండు మానాక ఒకసారి వచ్చి తన సామాను తీసుకెళ్ళాలి, ఇక పనిలోకి వద్దు. పాతికేళ్ళుగా చేతులతో బరువులు నడిపిన మనిషికి చేతులు ఊపడం రాదని తేల్చేశారు. తేల్చింది నేను.

బుధవారం ప్రార్థన కూటానికి వెళ్ళకుండా ఉండాల్సింది, వెళ్ళాను. అయ్యగారు మా సంఘ కాపరి, మెత్తని మనిషి. అందరి ముందూ నన్ను లేపి, "ఇంత గొప్ప అపాయంలో దేవుడు మన తమ్ముణ్ణి కాపాడినాడు, సాక్ష్యం చెప్పు నాయనా," అన్నారు. దేవుడి మేలు పొందినవాళ్ళు లేచి చెప్పడం మా దగ్గర మామూలే. నేను లేచి, దేవుడు నన్ను కాపాడాడని స్తోత్రాలు చెల్లించాను. ఇరవైమంది ఆమెన్ అన్నారు. మా అమ్మ అనలేదు. ఆవిడ నా వైపు చూస్తూ కూర్చుంది.

ఆ రోజు నుంచి కీర్తన నా మీద తిరగబడింది. కంఠతా పట్టినవాడు రోజూ మొదటి నుంచి ఒకసారి అప్పజెప్పుకోవాలి, లేకపోతే జారిపోతుంది. మొదటి ఎనిమిది వచనాలు గడగడా వచ్చేవి, రెండో భాగం, మూడోది కూడా. నాలుగో భాగం దగ్గర నోరు కట్టుకుపోయేది. అందులో రెండో వచనంలో కీర్తనకారుడు, నా దారులన్నీ నీకు చెప్పుకున్నాను, నువ్వు జవాబిచ్చావు అంటాడు. ఐదో వచనంలో, అబద్ధపు దారిని నా నుంచి తీసెయ్యమని దేవుణ్ణి అడుగుతాడు. నెల రోజుల క్రితం ఆ మాటలు నాకు వట్టి మాటలు. ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందో గుర్తుపెట్టుకోవడమే నా పని. ఇప్పుడు అవి నన్ను ఆపి అడుగుతున్నాయి. నువ్వు ఏం చెప్పుకున్నావురా, ఎవరికి చెప్పుకున్నావు?

నాకు భయం కంటే ముందు కోపం వచ్చింది. దేవుడి మీదే. నేను నీ వాక్యమే కదా చదువుతున్నాను, సినిమా పాట పాడుకుంటున్నానా, బీడీ కాలుస్తున్నానా? నీ మాట చదివేవాడి చేతి కిందే ఇది జరగనివ్వాలా? సైకిల్ తొక్కుతూ గట్టిగానే అడిగేవాణ్ణి. పక్కన పోయే లారీవాళ్ళు పిచ్చివాడనుకుని ఉంటారు. జవాబు రాలేదు. వచ్చి ఉంటే ఏముంటుందో నాకు తెలుసు కూడా. మావ చెయ్యి చూడాల్సిన క్షణంలో దేవుడి పుస్తకం చూడమని నాకు దేవుడు చెప్పలేదు. పోటీలో గెలవాలని నేనే చూశాను.

అమ్మా నేనూ నారింజలు తీసుకుని ఆస్పత్రికి వెళ్ళాం. మావ పాదానికి కట్టు తలగడంత ఉంది. ఆయన భార్య, మా అత్త, మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. మావ నా ముఖంలోకే చూస్తున్నాడు, కిందనుంచి క్రేన్‌లోకి చూసేటప్పటి చూపే అది. నేను నారింజ తొక్క తీస్తూ తొక్కనే చూస్తూ ఉండిపోయాను. అమ్మ ప్రార్థన చేస్తానంటే, "సెయ్యప్పా, నీ దేవుడికీ ఓ మాట సెప్పు," అన్నాడు. ప్రార్థన అయ్యేసరికి నా చేతుల్లో నాలుగు నారింజలు ఒలిచి ఉన్నాయి. తినేవాళ్ళు లేరు.

చెప్పాలని లేకపోలేదు. చెబితే ఏమవుతుందో లెక్క వేసుకునేవాణ్ణి. ఉద్యోగం పోతుంది. అబద్ధం రాసిచ్చి సంతకం పెట్టినవాణ్ణి హథ్‌ఖోజ్‌లో ఏ షెడ్డువాడూ క్రేన్ ఎక్కనివ్వడు. అమ్మ ఉంది. ఇవన్నీ నిజాలే. కానీ అన్నిటి అడుగున ఇంకోటి ఉంది. మావ ముఖంలోకి చూసి ఆ మాట అనడం నా వల్ల కాదు. దానికంటే ఉద్యోగం పోవడమే నయం అనిపించేది.

పోటీ ఆదివారం వచ్చింది. మానేస్తానంటే అమ్మ ఎందుకని అడుగుతుంది, అందుకని వెళ్ళాను. రేకుల కప్పు హాలు, చలికి అందరూ స్వెటర్లలో ఉన్నారు. ముందు బల్ల మీద బహుమతి పెట్టారు, జిప్పు అట్ట ఉన్న కొత్త బైబిలు. అయిదుగురు కొండ మీది ప్రసంగం ముక్కలు చెప్పారు, వాళ్ళలో ఆఖరిది ఓ చిన్నపిల్ల. నా పేరు పిలిచారు. నూట పందొమ్మిదో కీర్తన అని అయ్యగారు చెప్పగానే వెనక బెంచీల్లో కలకలం. ఏడాదిగా నేను కోరుకున్న కలకలం అది.

మూడు భాగాలు చెప్పాను. నాలుగో దానిలో మొదటి వచనం, ప్రాణం మట్టికి అంటుకుపోయిందనే వచనం కూడా చెప్పాను. ఆగిపోయాను. అయ్యగారు మరిచిపోయాననుకుని తర్వాతి మాట అందించారు. ఇంకోసారి అందించారు. హాల్లో ఎవరో దగ్గారు. నేను బల్ల అంచు పట్టుకుని, "మర్చిపోలేదండీ. ఇది నేను చెప్పకూడదు," అన్నాను. ఆ తర్వాత అంతా చెప్పేశాను. అట్టముక్క, చెయ్యి, కాగితం, సంతకం, బుధవారం చెప్పిన దొంగ సాక్ష్యం. ఏడుస్తూ చెప్పాను.

ఏమవుతుందో అని భయపడ్డదానికి అక్కడ జరిగింది వేరు. ఆడవాళ్ళు కొంగులు కళ్ళకి అద్దుకున్నారు. ఎవరో స్తోత్రం అన్నారు, హాలంతా అందుకుంది. అయ్యగారు నన్ను కౌగిలించుకుని, నలిగిన హృదయాన్ని దేవుడు తోసెయ్యడని చెప్పి, నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించారు. పెద్దలు గుసగుసలాడుకుని, ఈ ఏడు బహుమతి ఈ తమ్ముడికే అన్నారు. వద్దన్నాను, బలవంతంగా చేతిలో పెట్టారు. అబద్ధం చెప్పి మూడు వారాలు దాచినవాడికి జిప్పు బైబిలు! నిజం చెప్పొద్దూ, తీసుకున్నాను. ఇంటికి వస్తుంటే గాలిలో తేలుతున్నట్టు ఉంది. అయిపోయింది, దేవుడు క్షమించాడు, సంఘం క్షమించింది.

అమ్మ ఇంటికి వచ్చి బొగ్గుల పొయ్యి రాజేసింది. నేను ఆకలిగా పీట వేసుకుని కూర్చున్నాను.

"మావేటన్నాడు?" అంది, పొయ్యి ఊదుతూనే.

"మావకింకా సెప్పలేదమ్మా."

"మరి ఎవలికి సెప్పినావు?"

"అందరి ముందూ సెప్పాను కదా. నువ్వూ ఉన్నావు కదా అక్కడ!"

ఊదుగొట్టం కింద పెట్టింది. "కాలు సంఘానిదేట్రా నలిగింది? నా కాలేటి? బలిపీఠం కాడికి అర్పణ అట్టుకొచ్చినోడికి, అన్న మనసులో నీ మీద ఏదో ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడొగ్గీసి ముందు అన్న కాడికెల్లమన్నాడు గదా పెబువు. ఇందాక ఆ గుంట అదే సెప్పింది. నువ్వు ఇనలేదు."

అమ్మకి చదువు రాదు. ఆవిడ బైబిలంతా చెవులతో విన్నదే. ఆ పిల్ల చెప్పింది కొండ మీది ప్రసంగంలో ముక్కే. అది చెబుతున్నప్పుడు నేను పెదవులు కదుపుతూ నా కీర్తన సరిచూసుకుంటున్నాను.

"రేపు ఎల్తాను," అన్నాను.

"అన్నం ఎక్కడికీ పోదు. ఎల్లొచ్చి తిను," అంది.

మావ ఇల్లు మా వీధి చివరే. డిశ్చార్జ్ అయి రెండు రోజులైంది. నేను అటు వెళ్ళకుండా ఇటు తిరిగి, కాలవ మీద వంతెన గోడ దాకా వెళ్ళి కూర్చున్నాను. ఆదివారం మధ్యాహ్నం, ఎండగా ఉంది. ప్రార్థన మొదలుపెట్టాను. ప్రార్థన కాదు, బేరం. ప్రభువా, ఉద్యోగం వదిలేస్తాను. జీవితమంతా నీ సేవకి ఇచ్చేస్తాను, ఊరూరా తిరిగి ప్రకటిస్తాను. ఆ ఒక్క గుమ్మం తప్ప ఎక్కడికైనా పంపు. ఇలా ఎంతసేపు అన్నానో తెలియదు. అంటూ అంటూ నా మాట నాకే వినపడింది. ఆయన అడిగింది ఒక్కటే. అది తప్ప ప్రపంచంలో ఉన్నదంతా ఇస్తానంటున్నాను. గెత్సేమనే తోటలో యేసు కూడా ఈ గిన్నె తప్పించమనే అడిగాడు. కానీ అక్కడ ఆగలేదు, నీ ఇష్టమే కానివ్వు అన్నాడు. చిన్నప్పటి నుంచీ ఆ మాట పాటల్లో పాడాను. దాన్ని అనడానికి ఒంట్లో ఎంత బలం కావాలో ఆ గోడ మీద కూర్చున్నప్పుడే తెలిసింది. నేను గట్టిగా అనలేదు. లేచి చొక్కా దులుపుకుని నడిచాను.

మావ ఇంటి ముందు నులక మంచం మీద ఎండలో కూర్చుని ఉన్నాడు, కట్టు పాదం ఒక పీట మీద పెట్టుకుని. అత్త చేటలో బియ్యం ఏరుతోంది. నేను మంచం ముందు నేల మీద కూర్చున్నాను. ఈసారి ముఖంలోకి చూశాను.

"మావా, ఆవేళ నేను నీ చెయ్యి సూడలేదు. అట్టముక్క సదువుకుంటన్నాను. సాబ్‌కి అబద్ధం సెప్పాను, నువ్వు ఆరియా సూపించావని."

అత్త చేతిలో చేట ఆగిపోయింది.

మావ కుడిచెయ్యి నెమ్మదిగా ఎత్తాడు. నిటారుగా, వేళ్ళు కలిపి, అరచెయ్యి నా వైపు.

"ఇలగెత్తినాను," అన్నాడు. "నీ నడినెత్తి కనపడతంది నాకు. సూత్తాడు, ఇప్పుడు సూత్తాడు అనుకున్నాను. పరిగెత్తీసి ఆణ్ణి లాగీదును గానీ, సెయ్యి దించితే నువ్వు సూసీటప్పటికి సెయ్యి ఉండదు గదా. అందుకని దించలేదు. కడదాకా దించలేదురా అల్లుడూ."

"నీకు తెల్సా? మొదటి నుంచీ?"

"సూసినోణ్ణి, తెలకపోవడమేటి! ఆస్పత్రికొచ్చినావు, సెప్తావనుకున్నాను. నారింజలొలిసినావు."

అత్త లేచింది. చేట విసిరికొట్టింది, బియ్యం వాకిలంతా పడ్డాయి. "నీకు అన్నం పెట్టినాను రా నేను! మా ఆయన ఏలు అట్టుకుని ఉద్యోగంలో ఎట్టినాడు నిన్ను! నెగు. నెగు నా వాకిట్లోంచి!" అని అరిచింది. వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. నేను లేవలేదు. లేవాలని ఉంది, కానీ మావ ఎత్తిన చెయ్యి ఇంకా దించలేదు.

"దాన్ని అరవనీ," అన్నాడు. "నా కాడ ఏడిస్తే ఏటొస్తాది? రేపు సాబ్ కాడ సెప్పు. నన్ను సైకిల్ మీద అట్టుకెల్లు."

క్షమించాననలేదు. నేనూ అడగలేదు. ఇంటికి వచ్చి అన్నం తిన్నాను. అమ్మ నా పళ్ళెం నిండా వడ్డించింది, ఏమన్నాడని అడగలేదు.

సోమవారం పొద్దున మావని సైకిల్ క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని హథ్‌ఖోజ్‌కి తొక్కాను. ఎడమకాలు పక్కకి చాచుకుని, నా బెల్టు పట్టుకున్నాడు. గతుకు వచ్చినప్పుడల్లా ఆయన వేళ్ళు బిగుసుకునేవి. మేనేజర్ ముందు నిలబడి చెప్పాను. అతను ముందు నమ్మలేదు, మావ డబ్బు ఇచ్చి చెప్పిస్తున్నాడనుకున్నాడు. జేబులోంచి అట్టముక్క తీసి బల్ల మీద పెట్టాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇస్‌మేఁ క్యా లిఖా హై?" అని, ఇందులో ఏం రాసుందని అడిగాడు. దేవుడి మాటలు అన్నాను. అతను నన్ను చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. పాత కాగితం చింపేసి కొత్తది రాశాడు. సంతకం పెట్టాను. మావకి స్టోర్స్ కిటికీ దగ్గర, కూర్చుని రాడ్లూ బోల్టులూ ఇచ్చే పని ఇచ్చారు. నన్ను రేపటి నుంచి రావద్దన్నారు.

ఆ చలికాలం, ఎండాకాలం రిసాలి వైపు కట్టే ఇళ్ళ దగ్గర ఇటుకలు మోశాను. మనసు తేలికపడిందని చెప్పను. భుజాలు పుళ్ళయ్యాయి, అత్త ఎదురుపడితే ముఖం తిప్పుకునేది. కొన్ని రోజులు దేవుడి మీద అలక కూడా. అయినా సాయంత్రం అమ్మ ముందు కూర్చుని బైబిలు తెరిచేవాణ్ణి, నాన్న పాత బైబిలు. జిప్పుది అయ్యగారికి తిరిగి ఇచ్చేశాను. కంఠతా పట్టడం మానేశాను. ఒక చిన్న ముక్క చదవడం, అమ్మ అడిగేదానికి జవాబు చెప్పడం, అంతే. అమ్మ ఊరికే వినేది కాదు. "అంటే ఏటి? అలగని ఎందుకన్నాడు? మరి నువ్వు అలగున్నావా?" అని అడిగేది. మూడో ప్రశ్న వచ్చేసరికి నేను పేజీ తిప్పేవాణ్ణి. అప్పటిదాకా వాక్యం నేను పట్టుకునేది అనుకున్నాను, అది నన్ను పట్టుకోవడం అప్పుడే మొదలైంది.

ఒకరోజు యెషయా గ్రంథం చివర్లో ఒక మాట చదివాను. తన దారిన తాను పోయే జనం వైపు దేవుడు దినమంతా చేతులు చాపే ఉంచాడని. అమ్మ తర్వాతిది చదవమంది. నేను చదవలేకపోయాను. ఆవిడ లేచి దీపం బుడ్డి తుడవడానికి వెళ్ళిపోయింది.

వానలు మొదలయ్యాక మావ కబురు పెట్టాడు. కొత్త సిగ్నల్‌మన్ మానేశాడు, మనిషి కావాలి. మేనేజర్‌ని ఆయనే ఒప్పించాడట. క్రేన్ మాత్రం ముట్టుకోకూడదు, కింద నేల మీద నిలబడాలి. వెళ్ళాను. మావ స్టోర్స్ కిటికీలోంచి తన పాత తోలు చేతిజోళ్ళు బయట పెట్టి, "ఎడం చేతిది సిరిగింది, కుట్టించుకో," అన్నాడు.

పైన క్యాబిన్‌లో దుర్గ్ నుంచి వచ్చిన కొత్త ఆపరేటర్. మొదటి బరువు ఒక గర్డర్. హబేస్ చూపించాను, లేచింది. ఆరియా చూపించాను, దిగడం మొదలుపెట్టింది. దిమ్మె ఒకటి కాస్త వంకరగా ఉంది. చెయ్యి నిటారుగా ఎత్తాను. పైన అతను పక్క కిటికీలోంచి ఎటో చూస్తున్నాడు. అరిచాను, సుత్తుల మోతలో నాకే వినపడలేదు. గర్డర్ దిగుతోంది. నాకు అతని చెంప, ఒక చెవి కనపడుతున్నాయి. పరిగెత్తమని కాళ్ళు అంటున్నాయి, కానీ చెయ్యి దించితే అతను చూసే సమయానికి చెయ్యి ఉండదు. భుజం లాగేస్తోంది. చూడు, ఇటు చూడు నాయనా అనుకుంటూ అలాగే నిలబడ్డాను. ఎన్ని క్షణాలో చెప్పలేను. నాలుగైదు అయి ఉంటాయి.

అతను ఇటు తిరిగాడు. గర్డర్ ఆగింది. నేను చెయ్యి దించకుండా వెనక్కి తిరిగి చూశాను. స్టోర్స్ కిటికీలో మావ లేచి, కుంటికాలి మీదే నిలబడి ఉన్నాడు. ఆయన చెయ్యి కూడా పైకే ఎత్తి ఉంది.